ఉమ్మడి గోడ

ఫిబ్రవరి 3

స్తంభం తీసేశాం. పొద్దున మొదలుపెట్టి మధ్యాహ్నానికల్లా మేస్త్రీ పని ముగించాడు. కొట్టు ఒక్కసారిగా ఎంత వెడల్పయిందో. ఇన్నేళ్ళూ ఆ ఇటుక దిమ్మ చుట్టూ తిరిగి నడిచిన అలవాటు కదా, సాయంత్రం అది లేని చోట కూడా పక్కకి తప్పుకుని వెళ్ళాను. పాప చూసి పడీ పడీ నవ్వింది.

పలుగు ఎత్తే ముందు మేస్త్రీ అడిగాడు. "రెండు వైపులా చెప్పారు కదమ్మా?"

"చెప్పాం," అన్నాను.

మా ఆయన బస్సు డ్యూటీకి బయల్దేరుతూ గుమ్మంలో ఆగి నావైపు చూశాడు. సంచీ భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు.

ఒక పక్కనున్న సెలూన్ తమ్ముడి వైపు గోడని ముట్టుకోలేదు కాబట్టి అతనికి చెప్పే పని లేదు. ఆ మాటకొస్తే రెండో పక్కనున్న పిన్ని వైపు గోడని కూడా ముట్టుకోలేదు. ముట్టుకున్నది దానికి ఆనుకుని ఉన్న స్తంభాన్ని.

ఫిబ్రవరి 5

పెద్ద గ్లాసు బిగించారు. ఇప్పుడు నేను అమ్మే బొమ్మల ఫ్రేములన్నీ వీధిలోకి కనబడుతున్నాయి.

గైడు మళ్ళీ ఒక గుంపును తీసుకొచ్చాడు. మున్సిపాలిటీ వాళ్ళు మా వరుసకి 'పురాతన కట్టడం' అని రాగి పలక తగిలించినప్పటి నుంచి వాడికి మా గుమ్మమే వేదిక. "ఈ వరుసలో ఏ ఇంటికీ సొంత పక్కగోడలు లేవండి. రెండిళ్ళ మధ్య ఒకటే గోడ. ఒకరి దూలం ఇంకొకరి గోడలో కూర్చుని ఉంటుంది. అందుకని ఇక్కడ ఎవరు గోడకి మేకు కొట్టాలన్నా పక్కింటివాళ్ళని పిలిచి, గోడ మీద చెయ్యి వేయించి, సరే అనిపించుకోవాలి. ఇది ఈ వీధి కట్టుబాటు."

"మేకుకి అక్కర్లేదు నాయనా, ఇటుకకి," అని పిన్ని తన గుమ్మంలోంచి సరిదిద్దింది. ఎన్నిసార్లు దిద్దినా వాడు మేకు అనే చెబుతాడు.

నేను తుడిచిన గ్లాసునే మళ్ళీ తుడుస్తూ ఉండిపోయాను.

పిన్నికి చెబితే ఒప్పుకోదు. టైపు నేర్పిన రోజుల్లో వేలు పక్క అక్షరం మీద పడితే స్కేలుతో కొట్టిన మనిషి. వీధిలో సగం మంది ఆవిడ దెబ్బలు తిన్నవాళ్ళే. బేకరీ ఆవిడ పొగగొట్టం మార్చుకుంటానంటే, గోడ తనది కాకపోయినా పిన్ని నడుమన దూరి నెలల తరబడి నానబెట్టింది. చెప్పకూడదని కాదు. పని అయ్యాక చెబుదాం అనుకున్నాం. పని అయింది.

ఫిబ్రవరి 9

స్తంభం పైకప్పుని తాకిన చోట వెంట్రుకంత గీత.

సున్నం ఆరేటప్పుడు అలాంటివి మామూలేనని మా ఆయన అన్నాడు. బస్సు నడిపే మనిషికి సున్నం సంగతి ఎలా తెలుసని అడగబోయి ఊరుకున్నాను. అడిగితే తెలియదంటాడు. అప్పుడు నేనేం చెయ్యాలి.

ఫిబ్రవరి 10

గీత ఆగిన చోట పెన్సిలుతో అడ్డంగా చిన్న గుర్తు పెట్టాను.

ఫిబ్రవరి 12

గుర్తు సరైన చోట పెట్టలేదనుకుంటా. ఈసారి కిందికి, గోడ మీద పెట్టాను.

ఫిబ్రవరి 13

పొద్దున వరుస తట్టేటప్పుడు నా చెయ్యి ఆగింది.

ఈ తట్టడం ఎప్పుడు మొదలైందో వీధిలో ఎవరికీ తెలియదు. మూల ఇంట్లోంచి ప్రెస్సు బాబాయ్ పిడికిలితో గోడ మీద రెండు దెబ్బలు వేస్తాడు. బేకరీ ఆవిడ అందుకున్నానని తిరిగి ఒకటి కొట్టి, వెళ్ళి అవతలి గోడ మీద రెండు కొడుతుంది. తరవాత సెలూన్, తరవాత మేము, తరవాత పిన్ని, అలా వీధి చివరిదాకా. అందరం లేచాం, అందరం ఉన్నాం అని. పెళ్ళై వచ్చిన కొత్తలో మొదటిసారి విని దొంగలనుకుని మంచం కింద దూరాను. పిన్ని ఇప్పటికీ అది చెప్పి నవ్విస్తుంది.

ఇవాళ పిడికిలి ఎత్తి, దించి, వేలి కణుపుతో తట్టాను. అది చాలు. వినపడాలనే కదా.

ఫిబ్రవరి 15

సెలూన్ తమ్ముడు వచ్చాడు. "అక్కా, పెద్ద ఫ్రేము ఒకటి కావాలి."

"ఎంత సైజు?" కొట్లోకి ఎవరొచ్చినా నా నోట్లోంచి మొదట వచ్చే మాట అదే.

"ఉన్నవాటిలో పెద్దది. తలుపంత ఉన్నా పర్వాలేదు."

"ఏ బొమ్మ?"

"ఏదైనా సరే. కూర్చున్నవాళ్ళకి చూడ్డానికి ఏదో ఒకటి ఉండాలి కదా."

సముద్రం బొమ్మ ఇచ్చాను. మా మామగారి కాలం నుంచీ గోడకి ఆనించి ఉన్న బొమ్మ అది, ఇక ఎవరూ కొనరనుకున్నాను. పోయిన నెల బేకరీ ఆవిడ కూడా ఇలాగే ఏ బొమ్మైనా సరే అని పెద్దదే తీసుకుంది. నేనే వెళ్ళి తగిలించాను. వీధికి మంచి రోజులొచ్చినట్టున్నాయి, అందరూ ఇళ్ళు అలంకరించుకుంటున్నారు.

వెళ్తూ వెళ్తూ అతను అడిగాడు. "పాప వెనక గదిలోనే పడుకుంటోందా అక్కా?"

"ఆ."

"మంచం కిటికీ వైపు వేస్తే గాలొస్తుంది కదా."

పిల్లలు లేనివాడు, పాప అంటే ప్రాణం. నా ఇంట్లో మంచాలు ఎటు వెయ్యాలో కూడా వాడే చెబుతాడు.

ఫిబ్రవరి 17

నేనూ ఒకటి తగిలించాను. జలపాతం. స్తంభం ఉన్న చోటు బోసిగా ఉందని.

ఫిబ్రవరి 18

పిన్ని గుమ్మంలో కూర్చుని వెల్లుల్లి వలుస్తోంది. నేనూ పక్కన కూర్చుని రెండు రెబ్బలు వలిచాను.

"రాత్రి నిద్ర పట్టిందా పిన్నీ?"

"నా వయసులో పట్టినా పట్టకపోయినా ఒకటే. ఎందుకు?"

"ఊరికే. మంచం వీధి గదిలో వేసుకోరాదూ. గాలొస్తుంది."

"వీధి గదిలో ఆ గైడు గోల ఎవడు వింటాడు? అక్కడైతే సాయంత్రం మీ పాప గట్టిగా పాఠం చదువుతుంటే వింటూ కునుకు తీస్తాను. నా మంచం గొడవ నీకెందుకే."

ఆవిడ మంచం ఎక్కడుందో నాకు తెలుసు. గోడకి అటు ఆవిడ తల, ఇటు నా జలపాతం.

ఫిబ్రవరి 19

ఏమీ లేదు.

ఫిబ్రవరి 21

మా ఆయన జలపాతం ఎత్తి చూశాడు. పగుల్లో వేలు పెట్టి చూడబోతే నేను చెయ్యి పట్టుకుని లాగేశాను. పెట్టక్కర్లేదు, పడుతుందని కంటికే తెలుస్తోంది.

"పిన్నికి చెప్పేద్దాం," అన్నాను.

"చెబితే?"

చెబితే ఏమవుతుందో ఇద్దరికీ తెలుసు. మున్సిపాలిటీ వాళ్ళు వస్తారు. ఒక గోడ చూసి ఊరుకోరు, ఈ వరుసలో ఒక ఇల్లు కదిలితే అన్నీ కదిలినట్టే. అందరి తలుపులకీ ఎర్ర కాగితం అంటించి ఖాళీ చెయ్యమంటారు. వీధి వీధంతా మా పేరు తలుచుకుంటూ సామాన్లు సర్దుకుంటుంది. ఆ తరవాత మేం ఎక్కడికెళ్ళినా, స్తంభం తీసినవాళ్ళు వీళ్ళేనంటారు.

"వందేళ్ళు నిలబడ్డ గోడ మనకోసం ఇంకో పది రోజులు నిలబడదా," అన్నాడు. "నాకు సెలవు దొరకనీ. మేస్త్రీని పిలిచి గుట్టుగా మళ్ళీ కట్టించేద్దాం."

"ఈలోగా పిన్ని?"

అన్నం సగంలో లేచి చెయ్యి కడుక్కున్నాడు. చెయ్యి తుడుచుకుంటూ, "బస్సులో వెళ్తుంటే దారిలో ప్రతి పాత గోడా వంగినట్టే కనిపిస్తోంది," అన్నాడు. ఈ మనిషికి భయం లేదని ఇన్ని రోజులూ కోపం తెచ్చుకున్నాను. ఉందని తెలిశాక నా భయం ఇంకా ఎక్కువైంది.

ఫిబ్రవరి 22

పాప మంచం పక్కన గోడ చెమ్మగిల్లి రంగు లేచిపోయింది. గీకి సున్నం కొట్టాను. భయపడటానికి ఒక్క గోడ చాలు. ఇల్లంతా భయపడుతూ కూర్చుంటే బతికేదెలా.

ఫిబ్రవరి 23

సెలూన్ వైపు నుంచి వచ్చే దెబ్బలు ఈమధ్య సరిగ్గా వినబడటం లేదు. గోడకి చెవి ఆనిస్తే తప్ప తెలియడం లేదు. నా చెవులకే ఏదో అయినట్టుంది.

పగలు కనబడితే మాత్రం అతను మానకుండా అడుగుతాడు. "పాప బాగా నిద్రపోయిందా అక్కా?"

ఫిబ్రవరి 24

పాప లెక్కలు చేసుకుంటూ తల ఎత్తింది. "అమ్మా, మన జలపాతం చప్పుడు చేస్తోంది."

బొమ్మ వెనక నుంచి ఇసుక రాలుతోంది. సన్నగా, ఆగి ఆగి. ఫ్రేము కింద నేల మీద చిన్న కుప్ప. చీపురుతో ఎత్తి, కవర్లో కట్టి, వీధి చివర చెత్తకుండీలో పడేసి వచ్చాను. ఇంటి ముందున్న దాంట్లో వెయ్యలేదు. పిన్ని చూస్తుందని.

తిరిగి వచ్చేటప్పుడు ఎదుటి వైపు నుంచి నడిచాను. మా వరుస అక్కడి నుంచి ఎంత అందంగా ఉంటుందో. ఒకే ఎత్తు కిటికీలు, ఒకరి భుజం మీద ఒకరు చెయ్యి వేసుకుని ఫొటోకి నిలబడినట్టు ఇళ్ళు. ఇద్దరెవరో నిజంగానే ఫొటో తీసుకుంటున్నారు. కాస్త వెనక్కి జరగమని చెప్పాలనిపించింది.

ఫిబ్రవరి 26

ఇవాళ్టిది జరిగింది జరిగినట్టు రాయాలి.

పొద్దున సెలూన్ వైపు నుంచి తట్టినట్టు అనిపించింది. నేను తిరిగి కొట్టి, కొట్లోకి వచ్చి, జలపాతానికి వీలైనంత దూరంగా, గోడ కిందిభాగంలో వేలితో తట్టాను. పిన్ని జవాబు రాలేదు. మళ్ళీ తట్టాను. రాలేదు. పిడికిలి ఎత్తాను గానీ కొట్టలేకపోయాను. అటు మనిషి ఉందో లేదో తెలియాలంటే గోడని కొట్టాలి. కొడితే గోడ ఉంటుందో లేదో తెలియదు.

వీధిలోకి పరిగెత్తాను. పిన్ని తలుపు బార్లా తీసి ఉంది. ఆవిడ టైపు మిషన్ ముందు స్టూలు మీద చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. ప్రాణం లేచి వచ్చింది.

"ఏం పిన్నీ, తట్టలేదేం?"

"నువ్వు తట్టావా?"

"తట్టాను."

"నాకు వినబడలేదు. నిన్నా సరిగ్గా వినబడలేదు. మొన్నయితే బల్లి పాకినట్టుంది. ఒంట్లో బాగాలేదేమో అనుకుందామంటే, కొట్లో మేకులు మాత్రం ఠంగుఠంగున కొడుతూనే ఉన్నావు. గోడంటే భయమా నీకు?"

పిల్లలు టైపు నేర్చుకున్న బల్ల మీదే కూలబడ్డాను. చెప్పేశాను. స్తంభం, గ్లాసు, మేస్త్రీతో ఆడిన అబద్ధం, పగులు, జలపాతం, ఇసుక. "నేనే చెబుదామనుకున్నాను పిన్నీ," అని ఏడ్చాను. ఆవిడ తిట్టలేదు. ఒక్క మాట కూడా వదలకుండా వింది.

"స్తంభం తీసిన రోజు నా మిషన్ మీద ఎర్ర దుమ్ము పడింది," అంది. "చీర కొంగుతో తుడిచాను. నాకు తెలియదనుకున్నావా?"

"మరి అడగలేదేం?"

"గోడ ముట్టుకున్నవాళ్ళే వచ్చి చెప్పాలి. వస్తావని చూశాను. నేను మాత్రం తక్కువ తిన్నానా, పంతానికి పోయి అదే గోడ పక్కన పడుకున్నాను. రోజూ వచ్చి నిద్ర పట్టిందా, మంచం జరుపుకో, గాలొస్తుంది అంటుంటే నాకు అర్థం కాదుటే? గోడ చెడగొట్టినవాళ్ళకే పక్కింటి మంచం మీద అంత శ్రద్ధ."

ఆ మాట చెవిన పడగానే సెలూన్ తమ్ముడి మాటలు గుర్తొచ్చాయి. మంచం కిటికీ వైపు వేస్తే గాలొస్తుంది కదా. పాప బాగా నిద్రపోయిందా అక్కా. ఆ సమయానికి పాప ఇంకా లేవలేదు.

"పిన్నీ, పాప," అని మాత్రం అనగలిగాను.

వెనక గదిలో పాప సెలూన్ వైపు గోడకి తిరిగి, ఒక అరచెయ్యి గోడకి ఆనించి నిద్రపోతోంది. దుప్పటితో సహా ఎత్తుకున్నాను. కాళ్ళు నా మోకాళ్ళ దాకా వేలాడుతున్నాయి, ఎంత పొడుగైందో. వీధిలోకి తెచ్చి పిన్ని చేతికి అప్పజెప్పాను. మోకాళ్ళ నొప్పులతో అడుగు తీసి అడుగెయ్యలేని మనిషి చెప్పులు కూడా లేకుండా మా గుమ్మం దాకా వచ్చేసింది.

మళ్ళీ లోపలికెళ్ళి గోడ మీద చెయ్యి వేశాను. కొత్తగా కొట్టిన సున్నం ముద్దలా చేతిలోకి వచ్చేసింది. వెనక ఇటుక తడిసి మెత్తబడి ఉంది. వేలు నొక్కితే దిగింది.

సెలూన్ తమ్ముడు అప్పుడే తలుపులు తీసి కుర్చీ తుడుస్తున్నాడు. ముందు నా చేతిలో సున్నం ముద్దని చూశాడు, తరవాత నన్ను.

"సముద్రం దించు," అన్నాను.

ఎందుకని అడగలేదు. దించాడు. వెనక పెద్ద కన్నం, అందులో కుక్కిన పాత తువ్వాళ్ళు, వాటి నుంచి నేల దాకా నల్లటి తడి. కన్నం పక్కనుంచి తల కడిగే కొత్త బేసిన్‌కి గొట్టం వెళ్తోంది.

"గొట్టానికి చిన్న కన్నం పెట్టానక్కా. కారింది. ఆపేశాననుకున్నా, లోపల్లోపల కారుతూనే ఉంది. నేనే చెబుదామనుకున్నాను."

నా మాటే. పొల్లు పోలేదు.

చెయ్యి ఎత్తాను. వాడు మొహం తిప్పుకోలేదు. అప్పుడు అద్దంలో పిన్ని కనబడింది. గుమ్మంలో పాపని పట్టుకుని నిలబడి ఉంది. కాసేపటి క్రితం నన్ను కొట్టగలిగి కూడా కొట్టలేదు ఆవిడ. చెయ్యి దించేశాను. కొట్టాలని లేక కాదు. ఇప్పటికీ ఉంది.

"పాప మంచం జరిపారా అక్కా?" అని అడిగాడు. కళ్ళు తుడుచుకోవడం కూడా మరిచిపోయాడు.

ఫిబ్రవరి 27

మేస్త్రీ వచ్చి రెండు గోడలకీ దుంగలు నిలబెట్టాడు. జలపాతం దించి చూసి, "రెండు వైపులా చెప్పామన్నారు కదమ్మా," అన్నాడు. తిరిగి పనిలో పడ్డాడు. నాలుగు తిట్టి ఉంటే బాగుండేది. మున్సిపాలిటీకి మా ఆయనా సెలూన్ తమ్ముడూ కలిసి వెళ్ళి చెప్పి వచ్చారు. ఇంజనీరు వచ్చేదాకా ఎవరూ గోడల మీద చెయ్యి వెయ్యకూడదట, తట్టకూడదట.

మేం ముగ్గురం పిన్ని వీధి గదిలో సర్దుకున్నాం. ఆవిడ మంచం కూడా అక్కడికే చేర్చాం. "చివరికి ఆ గైడు గోల నా నెత్తినే పెట్టారు," అని సణిగింది. పాప ఆవిడ పక్కనే పడుకుంటానంది. సెలూన్ తమ్ముడు గుమ్మం దాకా వచ్చి, లోపలికి రాకుండా వెళ్ళిపోయాడు. పిలవాలనిపించింది, పిలవలేదు.

మార్చి 1

ఇవాళ కూడా ఎవరూ తట్టలేదు. మెలకువగానే పడుకుని వినడానికి చూశాను. వీధికి ఊపిరి ఆగినట్టుంది.

మధ్యాహ్నం సామాను సర్దుకుందామని కొట్టు తెరిచాను. గ్లాసులోంచి దుంగలు కనబడుతుంటే గైడు గుంపుని కాస్త దూరంగా నిలబెట్టి మాట్లాడుతున్నాడు. గోడ గురించి ఏం చెబుతున్నాడో వినబడలేదు.

అప్పుడు ప్రెస్సు బాబాయ్ వచ్చాడు. వరుస తట్టడం మొదలుపెట్టే పెద్దమనిషి, పండక్కో పబ్బానికో తప్ప ఎవరి గడపా తొక్కడు. గుంపు ముందుకి కదిలేదాకా ఆగి, గొంతు తగ్గించి అడిగాడు.

"అమ్మాయ్, ఫ్రేము ఒకటి కావాలి. పెద్దది. ఇంజనీరు రాకముందే. ఏ బొమ్మైనా పర్వాలేదు."

ఆయన చూపు నా వెనకున్న దుంగల మీదే ఉంది. చేతులు జేబుల్లో పెట్టుకున్నాడు. ఎంత సైజు అని అలవాటుగా నోటిదాకా వచ్చింది. మింగేశాను.

"ఏ గోడ బాబాయ్?" అని అడిగాను.

గుంపు వెళ్ళిన వైపు ఒకసారి చూశాడు. "బేకరీ వైపుది," అన్నాడు చివరికి.

జనవరిలో బేకరీ ఆవిడకి పెద్ద ఫ్రేము తగిలించింది నేనే. అదే గోడకి, అవతలి వైపు.